శ్రీకి కాలు విరక్కూడదు

తెర మీద అక్షరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ సగం పైగా ఒకే విషయం అడిగాయి. వీడియో మొదట్లో పేరు పడేటప్పుడు అక్షరాలు కదలాలంటే ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఆయన ఫోటో స్టూడియో వెనక గదిలో నాకో చిన్న మిక్సింగ్ యూనిట్ ఉంది. ఇరవయ్యేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రథయాత్రలు ఆ గదిలోనే కూర్చుని మిక్సింగ్ చేస్తున్నాను. చేతికి తెలిసిన సంగతులే కింద రాస్తున్నాను.

అక్కా, మా తాత నరం మీటే జముకు అనే వాద్యంతో జముకుల కథ చెప్తారు. ఫోన్‌తో పదిహేను వీడియోలు తీశాను. ప్రతిదానికీ ముందు 6 సెకన్ల ఇంట్రో పెట్టాలని ఉంది. ‘తాతయ్య జముకు’ అని అక్షరాలు ఒక్కొక్కటే రావాలి. టైప్‌రైటర్ ఎఫెక్ట్ పెడితే ‘య్య’ దగ్గర ఏదో వికారంగా కనిపించి మాయమవుతోంది. నాది 8 జీబీ ల్యాప్‌టాప్, గ్రాఫిక్ కార్డు లేదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.
– డిగ్రీ విద్యార్థి, కాశీనగర్

తమ్ముడూ, ముందు తాతగారికి నా నమస్కారం చెప్పు. పదిహేను కథలు తీసి దాచావంటే ఇంట్రో సంగతి అటుంచి, అసలు పని అయిపోయినట్టే.

నీ ల్యాప్‌టాప్‌లో తప్పేం లేదు. ‘తాతయ్య’ మనకి మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్క వేరు. దానికి ఆ మాట త, దీర్ఘం, త, య, పొల్లు, య అని ఆరు ముక్కలు. టైప్‌రైటర్ ఎఫెక్ట్ ఆ ముక్కల్ని వరసగా బయటపెడుతుంది. అందుకే ముందు ‘త’, తరవాత ‘తా’, ‘తాత’, ‘తాతయ’, ఆ పైన ‘తాతయ్’, ఆఖరికి ‘తాతయ్య’ వస్తాయి. నీకు వికారంగా కనిపించింది ఆ ‘తాతయ్’. పావు సెకను కూడా ఉండదు, అయినా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. ఇంగ్లీషులో అక్షరానికి ఒక ముక్కే కాబట్టి ఆ ఎఫెక్ట్ తయారుచేసినవాళ్లకి ఈ బాధ ఎదురుపడలేదు.

నాకిది తెలిసివచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఒక పెళ్లిలో ఎల్ఈడీ తెర మీద ‘శ్రీరస్తు శుభమస్తు’ వేశాను. మన చదువులో 7 అక్షరాలు, మిషన్ లెక్కలో 17 ముక్కలు. నేను వాడిన సాఫ్ట్‌వేర్‌కి అసలు తెలుగు కూర్చడమే రాదు. శ ఒకచోట, పొల్లు ఒకచోట, ర ఒకచోట. దాని మీద టైప్‌రైటర్. ముందు వరసలో కూర్చున్న మా అత్తగారు అందరికీ వినపడేలా ‘అదేటే, శ్రీకి కాలు విరిగిపోనాదేటి?’ అన్నారు. పెళ్లికూతురి నాన్నగారు మాత్రం ఒక్క మాట అనలేదు. కూతురు ఒడియా మీడియంలో చదివినా శుభలేఖ తెలుగులోనే వేయించిన మనిషి ఆయన. ఆయన తిట్టి ఉంటే ఆ రాత్రి నేను కాస్త నిద్రపోయేదాన్నేమో.

మన వైపు చాలామంది పిల్లలకి తెలుగు అక్షరం బడిలో కనిపించదు. గోడ మీద క్యాలెండర్‌లో, గుడి మెట్ల మీద, ఇదిగో ఇలా తెర మీద కనిపిస్తుంది. అక్కడ విరిగిన శ్రీని చూస్తే శ్రీ అలాగే ఉంటుందనుకుంటారు. ఎంత మెరుపులున్న ఎఫెక్ట్ అయినా సరే, అక్షరాన్ని విరిచేదైతే నేను పెట్టను. నువ్వూ పెట్టకు.

ఇక పనిలోకి వద్దాం. నీ ల్యాప్‌టాప్‌కి డావిన్చీ రిజాల్వ్ లాంటి పెద్ద ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు బరువు. బొమ్మలకి ఇంక్‌స్కేప్, వీడియోకి షాట్‌కట్ చాలు. రెండూ ఉచితం, రెండింట్లోనూ తెలుగు చక్కగా కూరుతుంది. మనం చేయబోయేది ఇది: ఒక్కో అక్షరాన్ని ఒక్కో బొమ్మగా మార్చి, ఆ బొమ్మల్ని కదిలించడం. బొమ్మ అయిపోయాక దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ముక్కలు చేయలేదు.

ఇంక్‌స్కేప్‌లో పేజీని 1920, 1080 పిక్సెళ్లకి పెట్టుకో. గూగుల్ ఫాంట్స్ నుంచి ఒక తెలుగు ఫాంటు దించుకో. రామభద్ర లావుగా, నిండుగా ఉంటుంది, పేరుకి బాగుంటుంది. ‘గిడుగు’ అనే ఫాంటు కూడా ఉంది. మా పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారి పేరే అది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఈ ఫాంట్లన్నీ డబ్బు తీసుకుని చేసే పనికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు.

పేరు టైపు చేశాక ఫైలుకి ఒక కాపీ తీసి దాచు. ఎందుకంటే ఇక్కడి నుంచి తప్పొప్పులు దిద్దడం కుదరదు. పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే అక్షరాలు గీతలైపోతాయి. అప్పుడు అన్‌గ్రూప్ చెయ్యి. ఇప్పుడు జాగ్రత్తగా చూడు. య వేరుగా, దాని కింద వత్తు వేరుగా ఉంటాయి. షిఫ్ట్ పట్టుకుని రెండింటినీ ఎంచి గ్రూప్ చెయ్యి. ‘ము’, ‘కు’ల్లో కొమ్ము కొన్ని ఫాంట్లలో అక్షరంతో కలిసే ఉంటుంది, కొన్నింట్లో విడిగా ఉంటుంది. విడిగా ఉంటే దాన్నీ కలుపు. చివరికి తా, త, య్య, జ, ము, కు అని ఆరు గ్రూపులు తేలాలి. ఒక అక్షరాన్ని ఉంచి మిగతా ఐదింటినీ దాచి, పేజీ మొత్తాన్ని పీఎన్‌జీగా, అంటే వెనక ఏ రంగూ లేని బొమ్మగా ఎగుమతి చెయ్యి. అలా ఆరుసార్లు. అక్షరం వరకే కత్తిరించి కాకుండా పేజీ మొత్తం ఎందుకంటే, ఆ ఆరు బొమ్మల్ని షాట్‌కట్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టగానే ప్రతి అక్షరం తన చోట తనే కూర్చుంటుంది. కొలతలు తీసుకోనక్కర్లేదు.

షాట్‌కట్ తెరవగానే వీడియో మోడ్ చూసుకో. ఫోన్ వీడియోలు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు ఉంటాయి కాబట్టి దీన్నీ 30కే పెట్టు. అంటే నీ 6 సెకన్లకి 180 ఫ్రేములు. కింద ట్రాక్‌లో నల్ల రంగు, పైన ఆరు ట్రాకుల్లో ఆరు అక్షరాలు.

ఏ అక్షరం ఎప్పుడు రావాలో నువ్వు లెక్క వేయకు, తాతగారి జముకు చెప్తుంది. ఆయన ఒక్కరే నరం మీటిన చోటు రికార్డింగ్‌లో వెతికి, ఆ శబ్దాన్ని తెచ్చి ట్రాక్ మీద పెట్టు. శబ్దం గీతలో ఎక్కడెక్కడ గట్టిగా పైకి లేచిందో కనిపిస్తుంది. మొదటి దెబ్బకి ‘తా’, రెండో దెబ్బకి ‘త’, మూడోదానికి ‘య్య’. దెబ్బకీ దెబ్బకీ మధ్య దాదాపు అర సెకను, అంటే 15 ఫ్రేములు ఉంటే ఆరో దెబ్బ 75వ ఫ్రేము దగ్గర పడుతుంది. తాతగారి దెబ్బ ఒకటి కాస్త ముందో వెనకో పడితే అక్షరాన్ని దాని దగ్గరికే జరుపు, దెబ్బని సరిచేయకు. అక్షరం శబ్దం కంటే ఒక ఫ్రేము ముందున్నా ఎవరికీ తెలీదు. వెనకపడితే మాత్రం తెలిసిపోతుంది.

అక్షరం ఉన్నట్టుండి ఊడిపడకుండా ‘ఫేడ్ ఇన్ వీడియో’ ఫిల్టర్‌ని 4 ఫ్రేములకి పెట్టు. అక్కడ ‘అడ్జస్ట్ ఒపాసిటీ’ అని ఒక టిక్ ఉంటుంది, అది తప్పకుండా పెట్టాలి. పెట్టకపోతే అక్షరం పారదర్శకంగా మొదలవకుండా నలుపులోంచి వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంకొక్క ముచ్చట. జముకు నరం మీటాక కాసేపు వణుకుతుంది కదా, అక్షరాన్నీ అలాగే వణికించు. ‘సైజ్, పొజిషన్ అండ్ రొటేట్’ ఫిల్టర్‌లో కీఫ్రేములు (ఏ ఫ్రేములో అక్షరం ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టి, అక్షరం వచ్చాక రెండేసి ఫ్రేములకి ఒకసారి కుడికి 6 పిక్సెళ్లు, ఎడమకి 4, కుడికి 2, తరవాత సున్నా. అంతే. చూసేవాడికి ఏం కదిలిందో చెప్పడం రాదు, కానీ శబ్దం అక్షరంలోంచే వచ్చినట్టుంటుంది. 20 పిక్సెళ్లు వణికిస్తే మాత్రం చలిజ్వరం వచ్చినట్టుంటుంది.

90వ ఫ్రేముకల్లా పేరంతా వచ్చేస్తుంది. ఆ తరవాత 60 ఫ్రేములు ఏదీ కదలకూడదు. నిండు పేరు 2 సెకన్లు అలా నిలబడాలి. చివరి 30 ఫ్రేముల్లో చీకట్లోకి పోనీ. నేర్చుకునేవాళ్లు ఈ 2 సెకన్లని దండగ అనుకుని అక్కడ కూడా ఏదో ఒకటి తిప్పుతారు. నేను ఏ పేరు వేసినా మా చిన్నవాడిని పిలిచి చదవమంటాను. వాడిదీ ఒడియా మీడియమే, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. వాడు పైకి రెండుసార్లు చదివేదాకా పేరు తెర మీద ఉండి తీరాలి.

అమ్మా, అక్షరాలు పక్క నుంచి వచ్చి ఆగేలా చేశాను. వస్తున్నాయి, ఆగుతున్నాయి. కానీ ఎవరో కర్రతో నెట్టినట్టున్నాయి. సినిమాల్లోలా మెత్తగా ఎందుకు రావు?
– పాఠకురాలు, రాయగడ

చెల్లీ, నౌపడ నుంచి గుణుపురం వెళ్లే బండి మా స్టేషన్‌లోకి వచ్చేటప్పుడు ఎప్పుడైనా నిలబడి చూశావా? 1900లో నౌపడ నుంచి మా ఊరికి చిన్నబండి వేసిన నాటి నుంచీ ఇప్పటి పెద్దబండి దాకా ఏ బండీ ప్లాట్‌ఫాం మీదికి అదే వేగంతో వచ్చి టక్కున ఆగలేదు. దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ వస్తుంది, ఆఖరి నాలుగడుగులు పాకుతుంది. నీ అక్షరానికి ఆ బ్రేకు లేదు.

అంకెల్లో చెప్తాను. 100 పిక్సెళ్ల దూరం 10 ఫ్రేముల్లో రావాలనుకో. నువ్వు పెట్టినది లీనియర్. ఫ్రేముకి 10 చొప్పున వచ్చి గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది. అదే 30, 22, 16, 11, 8, 5, 4, 2, 1, 1 అని వస్తే మొత్తం దూరం నూరే, సమయం అంతే. కానీ సగం దూరం మొదటి రెండు ఫ్రేముల్లోనే అయిపోయింది, మిగతాదంతా బ్రేకు. దీన్నే ఈజ్ అవుట్ అంటారు. తెర మీద నుంచి వెళ్లిపోయే అక్షరానికి దీనికి తిరగేసి, నెమ్మదిగా బయలుదేరి వేగం అందుకోవాలి. అది ఈజ్ ఇన్.

ఈ లెక్కలు నువ్వు వేయనక్కర్లేదు. షాట్‌కట్‌లో కీఫ్రేమ్ మీద రైట్ క్లిక్ చేసి లీనియర్ తీసి స్మూత్ పెట్టు. అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ అయితే కీఫ్రేములు ఎంచి ఎఫ్9 నొక్కు. కానీ ఒక్కసారి కాగితం మీద పది గీతలు గీసి ఆ దూరాలు కంటితో చూసుకో. ఆ తరవాత ఎవరి వీడియో చూసినా అక్షరాలు ఎందుకు బాగున్నాయో, ఎందుకు లేవో నీకే తెలిసిపోతుంది.

మా అబ్బాయికి ఒడియా అమ్మాయితో పెళ్లి కుదిరింది. పెళ్లి వీడియో మొదట్లో పేర్లు రెండు లిపుల్లోనూ పడాలి. స్టూడియోవాళ్లు చేసింది చూస్తే తెలుగు లావుగా, ఒడియా సన్నగా, రెండూ వేరు వేరు ఇళ్ల బోర్డుల్లా ఉన్నాయి. వాళ్లకి ఏం చెప్పమంటారు?
– పాఠకుడు, బరంపురం

శుభం అన్నగారూ. వాళ్లకి రెండు పేర్లు చెప్పండి: బాలూ తమ్ముడు, బాలూ భాయినా. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏక్ టైప్ అనే సంస్థవాళ్లు బాలూ అనే ఒకే కుటుంబంగా మన దేశపు లిపులకి ఫాంట్లు చేసి, దాదాపు ప్రతి లిపికీ అన్నదమ్ముల పిలుపు ఒకటి తగిలించారు. తెలుగుది తమ్ముడు, ఒడియాది భాయినా. గీతల మందం, వంపు ఒకే చేతివి కాబట్టి రెండు లిపులూ పక్కపక్కన కూర్చున్నా పొరపొచ్చాలుండవు. మీ పెళ్లికి ఆ పేర్లూ కలిసొచ్చాయి. కాస్త గంభీరంగా కావాలంటే నోటో కుటుంబంలోనూ రెండు లిపులూ ఉన్నాయి.

వరసల మధ్య చోటు ఎక్కువ వదలమనండి. ఇంగ్లీషుకి సరిపోయే చోటు మనకి చాలదు. తెలుగుకి కింద వత్తులు వేలాడతాయి, ఒడియాకి పైన గుండ్రటి గొడుగు ఉంటుంది. తెలుగు పైన, ఒడియా కింద పెడితే వత్తు వెళ్లి గొడుగుకి తగులుతుంది. నేను అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెడతాను.

పిల్లవాడి పేరు రాజ్‌కుమార్ లాంటిదైతే ఇంకో జాగ్రత్త. జ్ తరవాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి టైపు చేయాలి. లేకపోతే క వత్తుగా మారి జ కిందికి దిగిపోయి ‘రాజ్కుమార్’ అవుతుంది. కీబోర్డుల్లో దాన్ని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు.

ఏ లిపి ముందు పడాలన్న దాని మీద మాట పట్టింపులు నేను కళ్లారా చూశాను. రెండూ ఒకే ఫ్రేములో మొదలై ఒకే ఫ్రేములో ఆగేలా చేయించండి.

మా ట్యుటోరియల్‌లో పాత సీడీ ఒకటి దొరికింది. ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ ఎఫెక్టులు, ఇంట్రో మూవీలు చేయడం ఉంది. పాఠాలు చాలా బాగున్నాయి. పిల్లలకి అదే నేర్పనా?
– కంప్యూటర్ మాస్టారు, గుణుపురం

పాఠం నేర్పండి, పనిముట్టు వద్దు మాస్టారూ. ఫ్లాష్ ప్లేయర్‌ని అడోబీ 2020 డిసెంబరు 31తో ఆపేసింది. మరుసటి జనవరి 12 నుంచి ఫ్లాష్ ఫైళ్లని ఆ ప్లేయరే ఆడనివ్వడం మానేసింది. పిల్లలు కష్టపడి చేసినది ఇంటికెళ్లి ఫోన్‌లో అమ్మకి చూపించుకోలేకపోతే ఏం లాభం?

కానీ ఆ సీడీలో కీఫ్రేమ్, ట్వీన్ (రెండు కీఫ్రేముల మధ్య కదలికని నింపడం), మాస్క్, ఆల్ఫా (పారదర్శకత) అని ఉంటాయి చూడండి, అవేవీ చావలేదు. ముఖ్యంగా మాస్క్ పాఠం వదలకండి. అక్షరాల మీద ఒక కిటికీ జరుగుతూ పోతే పేరు కొద్దికొద్దిగా బయటపడుతుంది. తెలుగుకి నన్నడిగితే టైప్‌రైటర్ కంటే ఇదే మేలు. కిటికీకి అక్షరాల ముక్కలతో పని లేదు కాబట్టి వత్తు, గుడి, కొమ్ము అన్నీ కూర్చిన చోటే ఉంటాయి.

అక్కా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ టెంప్లేట్ కొన్నాను. ఇంగ్లీషులో అద్భుతంగా ఉంది. తెలుగు పేర్లు పెడితే అక్షరాలు విడిపోయి ఎగురుతున్నాయి. డబ్బులు పోయినట్టేనా?
– స్టూడియో నడిపే తమ్ముడు, జయపురం

పోలేదు. కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్నచోట దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది. ఉంటే అది ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, పేరుని కొత్త టెక్స్ట్ లేయర్‌లో టైపు చెయ్యి. అక్షరాలు కుదురుకుంటాయి.

ఎగరడం ఆగాలంటే టెంప్లేట్‌లోని టెక్స్ట్ యానిమేటర్ తెరువు. రేంజ్ సెలెక్టర్ కింద అడ్వాన్స్‌డ్‌లో ‘బేస్డ్ ఆన్’ అని ఉంటుంది. అక్కడ క్యారెక్టర్స్ ఉంటే వర్డ్స్‌కి మార్చు. అప్పుడు మాటకి మాట కలిసి కదులుతుంది. అక్షరానికి అక్షరమే కదలాలని పార్టీ పట్టుబడితే పైన కాశీనగర్ తమ్ముడికి చెప్పినట్టు బొమ్మలుగా చేసుకో. గంట పని ఎక్కువ, ఆ గంటకి కూడా కలిపి రేటు చెప్పు.

ట్రాకింగ్ ఎఫెక్ట్ అంటే అక్షరాలు మెల్లగా దూరం జరిగేది, ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అది హుందాగా ఉంటుంది. తెలుగు మాటని అలా లాగితే ఎక్కడ మాట తెగిందో తెలీక చదివేవాడు తికమకపడతాడు. దానికి బదులు మాట మొత్తాన్ని 100 నుంచి 104 శాతానికి నెమ్మదిగా పెంచు. దాదాపు అదే అనుభూతి వస్తుంది, అక్షరాలు మాత్రం చెయ్యి వదలవు.

శుభలేఖ అచ్చువేసిన ప్రెస్‌వాళ్ల దగ్గర ఫైలు తెచ్చి కాపీ చేస్తే తెలుగుకి బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి.
– పాఠకుడు, పర్లాకిమిడి

అది అను ఫాంట్లలో టైపు చేసినది అయ్యుంటుంది బాబూ. అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కావు. ఇంగ్లీషు గుర్తుల చోట తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు, ఆ ఫాంటు లేకపోతే ఆ గుర్తులే మిగులుతాయి. రెండు వరసల పేర్లే కదా, యూనికోడ్‌లో కొత్తగా టైపు చేసుకో. ప్రెస్‌వాళ్ల అక్షరాల అందమే కావాలంటే అక్కడే పీడీఎఫ్ తీయించుకుని ఇంక్‌స్కేప్‌లో తెరువు.

ఫోన్ ఒక్కటే ఉంది. కుదురుతుందా?
– పాఠకురాలు, పర్లాకిమిడి

చక్కగా. కైన్‌మాస్టర్, అలైట్ మోషన్ రెండింట్లోనూ బయటి ఫాంటు తెచ్చి పెట్టుకోవచ్చు. యాప్‌లో రెడీగా ఉన్న ఎఫెక్టుల్లో మాట మొత్తాన్ని కదిలించేవే ఎంచుకోండి. ఫోన్ నిలువుగా పట్టుకుని చూసేవాళ్లే ఎక్కువ కాబట్టి అక్షరాలు మీకు అవసరమనిపించిన దానికంటే పెద్దవి పెట్టండి. చేశాక ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదవండి.

రథయాత్ర వీడియోకి పేరు పిడుగుల్లా మెరుస్తూ రావాలని క్లబ్బు కుర్రాళ్లు అంటున్నారు. సెకనుకి పదిసార్లు తెల్లగా మెరిపించాను. బాగుందన్నారు. మీరేమంటారు?
– ఎడిటింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు, పర్లాకిమిడి

తీసెయ్యి నాయనా, ఈరోజే తీసెయ్యి. వేగంగా మెరిసే వెలుగు కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. సెకనుకి 3 మెరుపులకి మించకూడదన్నది తెర మీద పనిచేసేవాళ్లు ప్రపంచమంతా పాటించే హద్దు. రథం ముందు పెద్ద తెర కట్టి వేస్తారు, ఎదురుగా చంకన పిల్లలతో తల్లులుంటారు. ఒక్క మెరుపు చాలు. ముందు 10 ఫ్రేములు చీకటి, శబ్దం, ఒకే ఒక్క మెరుపు, అందులోంచి పేరు. చీకటి ఉంటేనే మెరుపుకి బలం.

అమ్మా, నేను రిటైరైన తెలుగు పంతుల్ని. మా మనవరాలికి తొమ్మిదేళ్లు, ఒడియా మీడియం. తెలుగు నేర్పుదామంటే పుస్తకం ముట్టదు, ఫోన్‌లో వీడియోలు చేస్తానంటుంది. అక్షరం రాస్తున్నట్టు కదిలే ఎఫెక్ట్ చూశాను. అలాంటిది మేమిద్దరం చేయగలమా?
– పాఠకుడు, గుణుపురం

మాస్టారూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మీదే. చేయగలరు, సాఫ్ట్‌వేర్ కంటే మీ చేతిరాతే ఎక్కువ పనికొస్తుంది.

తెల్ల కాగితం, నల్ల స్కెచ్ పెన్ను తీసుకోండి. పాప పేరులో మొదటి అక్షరం మీరు రాయండి, ఒక్కసారిగా కాదు. వేలెడంత గీత గీసి చెయ్యి తీసేయండి, పాప ఫోటో తీస్తుంది. మళ్లీ వేలెడంత, మళ్లీ ఫోటో. అక్షరానికి 8 ఫోటోలు చాలు. తలకట్టు ఎప్పుడు, గుడి ఎప్పుడు, వత్తు చివర్న ఎందుకు, ఇవన్నీ ఆ ఫోటోల మధ్య తనే అడుగుతుంది. మీరు చెప్పండి. రెండో అక్షరం తనతో రాయించి ఫోటోలు మీరు తీయండి.

ఫోటోలన్నీ వరసగా వీడియో యాప్‌లో వేసి ఒక్కోదానికి సెకనులో పదో వంతు ఇవ్వండి. అక్షరం తనంతట తనే రాసుకుంటున్నట్టుంటుంది. రంగులు తిరగేసే ఎఫెక్ట్ పెడితే నలుపు మీద తెల్ల అక్షరం అవుతుంది. దాన్ని ఇంకో వీడియో మీద పెట్టి బ్లెండింగ్‌లో స్క్రీన్ ఎంచుకుంటే నలుపు మాయమై అక్షరం ఒక్కటే మిగులుతుంది. వంశధార ఇసుక మీద పాప పేరు పడుతున్నట్టు చేయొచ్చు.

కాగితాన్ని నాలుగు మూలలా బల్లకి అంటించండి. ఫోన్‌ని కూడా రెండు పుస్తకాల దొంతర్ల మీద పెట్టి కదలకుండా చూడండి. కుడిచేత్తో రాస్తారు కాబట్టి కిటికీ ఎడమ పక్కన ఉండేలా కూర్చోండి, చేతి నీడ అక్షరం మీద పడదు. పొద్దున్నే మొదలుపెట్టండి. మధ్యలో వెలుతురు మారితే ఫోటోలు ఒకదానికొకటి కలవవు.